కీచు

రెండు వందల యాభై డాలర్లంది ఐలా.
రెండు వందలిచ్చాను.
తక్కిన యాభైకీ
ఆమె వాకిట్లో మంచు రెండుసార్లు తోడిపెట్టాను.

నేలమాళిగలో, కట్టెల పొయ్యి పక్కన
దుప్పటి కప్పుకుని ఉంది
ఒకే ఒంటికి అయిదు పనులు నేర్చిన యంత్రం.
పడుకోబెడితే లేత్, నిలబెడితే డ్రిల్లు,
బల్ల తగిలిస్తే రంపం,
పళ్లెం బిగిస్తే గరుకు చక్రం,
అయిదోది పక్కనుంచి బెజ్జాలు వేస్తుందట.
మోటారు మాత్రం ఒక్కటే.
ఒక పని నడుస్తుంటే
నాలుగు పనులు వరసలో నిలబడాల్సిందే.
ఆ సంగతి నాకు తెలుసు.
పొద్దున స్కూలు బస్సు, మధ్యాహ్నం బడి వంటగది,
మళ్లీ బస్సు.

నలుగురం మెట్లెక్కించాం. నలుగురంటే
నేను, తమ్ముడు రైనో, పక్కింటి కుర్రాడు,
పైనుంచి "గోడకి తగలనివ్వకు కెర్తూ" అంటూ ఐలా.

డిసెంబరంతా విప్పడమే.
రెండు ఉక్కు గొట్టాల మీదా
జాజు పూసినట్టు తుప్పు.
కిరసనాయిలు, ఉక్కు పీచు, మోచేయి.
మోచేయే ఎక్కువ.
పుల్లీని పట్టుకున్న మరమేకు
అరవై ఏళ్ల మొండితనంతో కూర్చుంది.
వేడి చేశాను. తిట్టాను. నూనె పోసి వదిలేశాను.
తెల్లారి, ఏమీ ఎరగనట్టు
వేళ్లతో తిప్పితే వచ్చేసింది.
మోటారు పెట్టెలో ఎలుక గూడు:
రంపపు పొట్టు, నీలం ఊలు దారం,
లాటరీ టికెట్టులో మూడో వంతు.
గెలిచిందో లేదో ఎలుకకే తెలియాలి.

బేరింగులు రెండూ పోయాయి.
చేత్తో తిప్పితే గులకరాళ్లు నమిలినట్టుంది.
కొత్తవి ముప్పై ఎనిమిది, బెల్టు పంతొమ్మిది.
వేగం మార్చే చక్రం మీద అంకెలు అరిగిపోయి
ఉర్హో మేకుతో గీసుకున్న గీతలు మూడున్నాయి.
ఏది దేనికో తెలీదు.
వాటి మీద మాత్రం రంగు వేయలేదు.

ఫిబ్రవరిలో, సరస్సు గడ్డకట్టి
ఊరు చెవులు మూసుకున్న ఒక ఆదివారం
మీట నొక్కాను.
గరిటె నుంచి నూనె జారినంత మెత్తగా తిరిగింది.
బల్ల మీద నాణెం అంచున నిలబెట్టాను.
పడలేదు.
ఐలాని పిలిచాను.

బూట్లు విప్పకుండానే వచ్చింది,
తల పక్కకి వంచి విన్నది.
"ఇంకా వేయలేదా?"
"తిరుగుతోంది కదా!"
"కీచు ఏది మరి?"

ముప్పై ఒక్క ఏళ్లు
వంటింటి నేల కింద కీచుమంటూనే ఉందట.
సూపు చల్లారుతుంటే
చీపురు కర్రతో నేలను మూడుసార్లు పొడిచేదట.
కీచు ఆగిందంటే
మెట్ల మీద ఉర్హో.
"ఆ రొద నాకు బొత్తిగా పడేది కాదు" అంది,
నా వైపు చూడకుండా.

పాత బేరింగులు కాఫీ డబ్బాలో ఉన్నాయి.
మళ్లీ బిగిస్తేనో అనిపించింది.
పైకి అనలేదు. అనకపోవడమే మంచిదయింది:
అప్పటికే ఆమె
సంతలో గేదెను చూసినట్టు
యంత్రం ఒంటి మీద చెయ్యి వేసి
"ఇదివరకు వేడెక్కేది, బాగు చేశావు" అంటోంది.

గుమ్మం దగ్గర ఆగి అడిగింది.
చీపురు కర్ర విరిగి ఏడాదయిందట,
ఒకటి చేసిపెట్టగలనా అని.

లేత్ మీద పట్టేది ముప్పై నాలుగు అంగుళాలే.
చీపురు కర్రకి చాలదు.
మేపుల్ కర్ర రెండు ముక్కలు నున్నగా తీసి
ఒకదానికి కుసి, ఒకదానికి బెజ్జం పెట్టి అతికాను.
అతుకు కంటికి కనపడదు,
గోటికి తెలుస్తుంది.

ఆమె కర్ర అందుకుని
నా షెడ్డు నేలను ఒకసారి పొడిచి చూసింది.
సిమెంటు. మోగలేదు.
"ఇంట్లో చూస్తాలే" అంది.